మంగళ, గురు, శని

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి, మూడో అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది.

ఆగిపోవడమేమిటి, పెద్దాయనే ఆపాడు.

కొడుకు కారు తీయడానికి ముందే కిందికి దిగాడు. పెద్దావిడకేమో ఇంటికి తాళం వేశాక, పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూసే అలవాటు. ఆ రెండు లాగుళ్ళ వ్యవధి చాలింది ఆయనకు. వాకర్‌తో సహా లిఫ్టులోకి జొరబడి, తలుపు మూసి, మీట నొక్కాడు. అర అంతస్తు దిగనిచ్చి, లోపలి తలుపును వేలెడు పక్కకు జరిపి ఆ సందులో ఎడమకాలి చెప్పు దూర్చాడు. తలుపు పూర్తిగా మూసుకోనిదే లిఫ్టు కదలదు. ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా పనిచేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

ఏడున్నరకి డయాలిసిస్. ఏడూ నలభై ఐదు దాటితే ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంటే ఒక్క గంట. ఒక్క గంట ఈ డబ్బాలో కూర్చోగలిగితే ఇవాళ తప్పించుకున్నట్టే. ఆయన గోడకు జారగిలబడి మెల్లగా నేలమీద చతికిలబడ్డాడు.

"ఏమండీ! లోపలున్నారా?" పైనుంచి పెద్దావిడ గొంతు.

"లేను."

"వేళాకోళాలొద్దు! భయమేస్తోందా?"

"హాయిగా ఉందే. నువ్వెళ్ళి కాఫీ తాగు."

కిందినుంచి కొడుకు అరిచాడు. "నాన్నా, కంగారుపడకు! కంపెనీకి ఫోన్ చేశాను!"

కంగారు ఎవరిదో ఆ అరుపులోనే తెలుస్తోంది. కొడుకు ఒక హైస్కూలుకి హెడ్మాస్టరు. టైమ్‌టేబుల్ తప్పితే ప్రాణం విలవిల్లాడుతుంది వాడికి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద తండ్రి వారం మొత్తాన్నీ గళ్ళు గీసి అంటించాడు. మంగళ, గురు, శని గళ్ళకు ఎర్రరంగు.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా మెకానిక్ వచ్చాడు. యాభై దాటినవాడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద వంగి, సందులోంచి కనిపిస్తున్న చెప్పును చూసి పకపకా నవ్వాడు.

"గురువుగారూ! మీరేనా?"

"ఎలా కనిపెట్టావురా?"

"చెప్పుతో లిఫ్టు ఆపొచ్చని నాకు నేర్పిందే మీరు కదా."

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఎంతసేపట్లో తీస్తావు?"

ఇరుక్కున్నవాడికి ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలని తన దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఆయన నూరిపోసేవాడు. ఐదు నిమిషాలని చెప్పి అరగంట చేస్తే మనిషి లోపలే సగం చస్తాడు.

"తీయమంటే రెండు నిమిషాలు," అన్నాడు మెకానిక్, అతనూ గుసగుసగానే. "తీయొద్దంటే చెప్పండి. పానాలు ఇంట్లో మరిచిపోయానంటాను. ఇంకో గంట గ్యారంటీ."

పెద్దాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఏడూ యాభై రెండు. బెడ్డు చేజారిపోయే ఉంటుంది. వీడి ఉద్యోగానికి ఎసరు ఎందుకు? చెప్పు లాగేశాడు.

లిఫ్టు కిందికి దిగింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా కొడుకు, చెవి దగ్గర ఫోన్.

"మధ్యాహ్నం పన్నెండుకి బెడ్డు ఇస్తారట నాన్నా. మాట్లాడేశాను."

హెడ్మాస్టరు కదా. పీరియడు పోతే ఎక్స్‌ట్రా క్లాసు పెట్టించేశాడు.

*

ఆయన రెండు కిడ్నీలూ చేతులెత్తేసి రెండేళ్ళయింది. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు, ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి ఒంట్లో రక్తాన్నంతా మిషన్‌లోకి తోడి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తారు. ఆ నాలుగు గంటలూ ఆ చెయ్యి కదపకూడదు. కదిపితే మిషన్ గోల పెడుతుంది.

మిషన్ ఎక్కిన రోజు ఎలాగూ పోయినట్టే. మర్నాడు ఒళ్ళంతా పిండేసిన బట్టలా ఉంటుంది. కాస్త తేరుకునేసరికి మళ్ళీ ఎర్రగడి. రెండు రోజుల విరామం వచ్చేది ఒక్క శనివారం తర్వాతే కాబట్టి, ఏడు రోజుల్లో సోమవారం ఒక్కటే ఆయనది. మిగిలిన ఆరూ ఆ సోమవారం కోసం పడే పాట్లు.

మూడు నెలల కిందట కిడ్నీ డాక్టరుకి సూటిగానే చెప్పాడు. "ఇక చాలండీ. ఆపేయండి."

డాక్టరు ఆశ్చర్యపోలేదు. "స్థిమితమైన మనసుతో మీరే కోరుకుంటే ఆపొచ్చు. ఆ తర్వాత నొప్పీ ఆయాసం లేకుండా ఇంట్లోనే చూసుకునే ఏర్పాటు నేను చేస్తాను," అన్నాడు.

ఆ 'స్థిమితమైన మనసు' దగ్గరే పడింది చిక్కు. నాన్న దిగులుతో అంటున్నాడు, అది స్థిమితం కాదన్నాడు కొడుకు. మూడు నెలలుగా అదే పాట. ఇప్పుడు లిఫ్టు సంగతి కూడా తోడైంది.

"లిఫ్టులో దాక్కునే మనిషికి మతి స్థిమితంగా ఉన్నట్టా సార్?" అని మంగళవారం మధ్యాహ్నమే అడిగేశాడు డాక్టరుని, తండ్రి మంచం పక్కనే నిలబడి, తండ్రి అక్కడ లేనట్టు.

డాక్టరు రెండు పనులు చేశాడు. శుక్రవారం మనసు డాక్టరు దగ్గరికి పరీక్షకు రాశాడు. చేతిలో నరం బలహీనపడుతోందని, సోమవారం ఉదయం పదకొండుకి మెడ కింద గొట్టం పెట్టడానికి తేదీ వేశాడు. గొట్టం పెడితే ఇంకో ఏడాది, రెండేళ్ళు నిశ్చింతగా మిషన్ ఎక్కొచ్చు. మనసు డాక్టరు స్థిమితం ఉందంటే ఆ తేదీ రద్దు.

ఆయనకున్న ఒక్క సోమవారమూ పోయేలా ఉంది. అయినా పెద్దాయన హుషారుగానే ఉన్నాడు. పరీక్ష అంటే తలుపు. నూటికి నూరు తెచ్చుకుంటే తెరుచుకునే తలుపు.

పెద్దావిడ కూడా ఆ సాయంత్రం ఒక మాట ఇచ్చింది. "ఆ డాక్టరు మీ బుర్ర తిన్నగా ఉందంటే నేను అడ్డురాను. లేదంటే మాత్రం ఇక ఈ ఊసెత్తకూడదు మీరు."

"ఒప్పందం," అన్నాడాయన.

గురువారం మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ ఆవిడే పాఠం చెప్పింది.

"నూట్లోంచి ఏడు తీసేస్తూ రండి."

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది..."

"ఇవాళ తారీఖు? వారం?"

"గురువారం కాకపోతే ఈ సూదులెందుకే?"

డయాలిసిస్ సిస్టర్ ట్యూబులు సరిచేస్తూ నవ్వింది. "ఏ ఉద్యోగానికండీ తాతగారూ ఇంటర్వ్యూ?"

"రిటైర్మెంటుకమ్మా," అన్నాడు పెద్దాయన.

*

ఆ ఇంట్లో ఒక అబద్ధం ఉంది. దాని సంగతి ఇక్కడ చెప్పుకోకపోతే శుక్రవారం జరిగింది అర్థం కాదు.

పెద్దాయనకు ఒక్కడే తమ్ముడు. వేరే ఊళ్ళో ఉండేవాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఎనిమిది నెలల కిందట నిద్రలోనే పోయాడు. అన్నగారి గుండె బలహీనంగా ఉంది, ఈ వార్త తట్టుకోలేడు, చెప్పొద్దు అని కొడుకూ పెద్దావిడా తీర్మానించుకున్నారు. ఆ బాధ్యత పెద్దావిడ నెత్తిన వేసుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీసి లేవగానే, "మీరు నిద్రపోతుంటే మీ తమ్ముడు ఫోన్ చేశాడండీ, లేపొద్దన్నాడు," అని మొదలుపెట్టేది.

మూడో వారానికే ఆయనకు తెలిసిపోయింది. ఆసుపత్రి వరండాలో పాత కంపెనీ మనిషి ఒకడు ఎదురుపడి, చెయ్యి పట్టుకుని, "తమ్ముడు పోయాడట కదా, పాపం," అన్నాడు. ఆ రోజు మిషన్ మీద ఉన్నంతసేపూ ఏడ్చాడు పెద్దాయన. ఒక చేతికి సూదులు, రెండో చేతికి బీపీ పట్టీ. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేదు. సూదుల నొప్పి అనుకుని సిస్టరే తుడిచింది.

ఆదివారం నిలదీయాలనే అనుకున్నాడు. తీరా లేచి చూస్తే పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, చిన్న కాగితం మీద ఏదో రాసుకున్నది చదువుకుంటోంది. పోయినవారం ఏం చెప్పిందో మరిచిపోకుండా రాసిపెట్టుకుంది. రేపు పరీక్ష ఉన్న పిల్లలా పెదాలు కదుపుతోంది. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

పైగా, తమ్ముడు బతికే ఉన్న గంట వారానికొకటి దొరుకుతోంది. ఎందుకు పోగొట్టుకోవాలి?

అలా ఎనిమిది నెలలు. ఆవిడ కల్పనలో తమ్ముడు బతికున్నప్పటికంటే ఎక్కువ చలాకీ అయ్యాడు. పళ్ళు కట్టించుకున్నాడు. బండి పెట్టే చోటు గురించి పక్కింటివాడితో పోట్లాడి గెలిచాడు. ఈమధ్య, డెబ్భై ఒకటో ఏట, ఈత నేర్చుకుంటున్నాడు.

*

శుక్రవారం మనసు డాక్టరు గదిలో పెద్దాయన చెలరేగిపోయాడు.

డాక్టరు ముప్పై ఐదేళ్ళ అమ్మాయి. మెత్తని గొంతు. తారీఖు అడిగింది, చెప్పాడు. నూట్లోంచి ఏడేడు తీయమంది, ఆవిడ ఆపమనేదాకా తీశాడు. గొడుగు, కిటికీ, చెప్పు అని మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగింది. చెప్పు అనగానే ఆయనకు నవ్వొచ్చింది కానీ మూడూ వరసగా అప్పజెప్పాడు. పది మీద పది నిమిషాలు చూపించే గడియారం గీయమంటే, గీసి, కింద తయారీ కంపెనీ పేరు కూడా రాశాడు.

డాక్టరు నవ్వింది. పెద్దావిడ వెనక కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు బయట వరండాలో ఉన్నాడు. కుటుంబ వివరాల ఫారం వాడే నింపి ఇచ్చాడు, అక్షరాలు గుండ్రంగా, ఒక్క గడి ఖాళీ లేకుండా.

"తోబుట్టువులు ఉన్నారా అండీ?" అడిగింది డాక్టరు, ఆ ఫారం చూస్తూ.

"ఒక్కడే తమ్ముడు."

"ఎలా ఉన్నారు?"

వెనక కుర్చీలో పెద్దావిడ ఊపిరి బిగబట్టడం ఆయనకు స్పష్టంగా వినిపించింది.

పోయాడు అంటే చాలు. కానీ ఆ ఒక్క మాటతో, పరాయి మనిషి ముందు, ఎనిమిది నెలల ఆవిడ కష్టమంతా నేలపాలవుతుంది.

"బాగానే ఉన్నాడు," అన్నాడు.

"ఈమధ్య మాట్లాడారా?"

లేదు అన్నా గండం గడిచిపోయేదే. కానీ అప్పటిదాకా ప్రతి ప్రశ్నకూ మార్కులు కొట్టేసిన ఊపులో ఉన్నాడు. వెనక కూర్చున్న మనిషికి ధైర్యం చెప్పాలన్న ఆరాటం ఒకటి.

"పోయిన ఆదివారమే. అరగంట మాట్లాడాడు. ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నాడండీ!"

డాక్టరు చేతిలో పెన్ను ఫారంలో తమ్ముడి గడి దగ్గర ఆగింది.

"ఫోన్లో మీరే మాట్లాడారా? ఆయన గొంతు మీరు విన్నారా?"

"విన్నాను," అన్నాడు పెద్దాయన. అన్నాక గానీ తెలియలేదు, చెప్పు తీసి తలుపు తనే మూసేశానని.

వెనక కుర్చీ కిర్రుమంది. పెద్దావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తను ఏనాడూ ఆయన చేతికి ఫోన్ ఇవ్వలేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఇచ్చి ఉంటే అవతల ఎవరుంటారు గనక!

డాక్టరు ఇంకేమీ అడగలేదు. కొడుకుని లోపలికి పిలిచి, ఎంతో మర్యాదగా చెప్పింది. లెక్కలూ జ్ఞాపకం బాగున్నాయి, కానీ లేని విషయాలు జరిగినట్టు నమ్ముతున్నారు, ఇంత పెద్ద నిర్ణయం ఆయన మాట మీద తీసుకోలేం, కుటుంబమే తీసుకోవాలి.

"సోమవారం పదకొండుకి మెడ గొట్టం ఉంది కదా, అది కానివ్వండి," అంది.

*

ఆ క్షణం నుంచి ఆయనతో ఎవరూ పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడలేదు.

"ఇదిగో, కారు ఎక్కుదామా? ఆ... మెల్లగా... ఈ కాలు," అంది పెద్దావిడ. ఆ గొంతు ఆయన గుర్తుపట్టాడు. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు వాడితో ఆవిడ మాట్లాడిన గొంతది.

ఇంటికొచ్చాక బాత్రూము లోపలి గడియ విప్పించాడు కొడుకు. వీధి తలుపు తాళం తన జేబులో వేసుకున్నాడు. సెలవు పెట్టి మిగిలిన శుక్రవారమంతా మంచం ఎదురుగానే కూర్చున్నాడు, స్కూలు కాగితాలు ముందేసుకుని. పెద్దాయన నోరు తెరిచినప్పుడల్లా, "నీళ్ళు కావాలా నాన్నా? ఇప్పుడే తాగావు, గుర్తుందా?" అనేవాడు.

వాడి ముందు చెప్పి లాభం లేదు. ముందు ఆవిడకే చెప్పాలి, ఒంటరిగా. చెబితే ఏమవుతుంది? ఆదివారాలు పోతాయి. ఆవిడ చేసిన పని ఆవిడకే ఎదురు తిరుగుతుంది. చెప్పకపోతే సోమవారం మెడకు గొట్టం. ఎటు జరిగినా గోడే తగులుతోంది.

శనివారం ఏడున్నరకు మిషన్ ఎక్కించారు. కొడుకు స్కూల్లో మీటింగుందని వెళ్ళాడు. పెద్దావిడ పక్కనే స్టూలు మీద కూర్చుంది. నాలుగు గంటలు ఆయనా కదల్లేడు, ఆవిడా కదలదు. ఇంతకంటే మంచి సమయం దొరకదు. అయినా మొదటి గంట ఇట్టే కరిగిపోయింది.

ఆవిడే కదిపింది. "రేపు ఆదివారం కదండీ. మీ తమ్ముడు ఫోన్ చేస్తాడు. ఈసారి మిమ్మల్ని లేపుతాలే, సరేనా?"

పిచ్చివాడిని బుజ్జగించినట్టు అంది. అది తగిలింది ఆయనకు.

"చేయడు," అన్నాడు.

"ఎందుకు చేయడూ? చేస్తాడు."

"చనిపోయినవాడు ఎలా చేస్తాడే?"

ఆవిడ మొహంలో రంగు పోయింది. "ఎవరు చెప్పారు మీకు? మనవాడేనా? ఎప్పుడు చెప్పాడు?"

"ఎవరో చెప్పారు, నువ్వు మొదలెట్టిన మూడో వారమే. అదిగో, ఆ చివరి బెడ్డు మీద పడుకుని ఏడ్చాను."

"అబద్ధం. మరి నిన్న ఆ డాక్టరుతో మాట్లాడానన్నారు? గొంతు విన్నానన్నారు?"

"నువ్వు వెనకాలే ఉన్నావు కదే. నీ పరువు తీయమంటావా?"

"నా పరువేమిటండీ, ఇక్కడ మీ ప్రాణం మీదికొస్తుంటే!"

"అదే కదా నా గొడవ. ప్రాణం మీదికి రానివ్వడం లేదు ఎవరూ."

ఆవిడ నవ్వలేదు. ఆయన్ని అనుమానంగా చూస్తూ ఉండిపోయింది. నిన్న కొడుకు నోరు జారి ఉంటాడు, ఈయన దాన్ని పట్టుకుని ఎప్పుడో తెలుసునంటున్నాడు. మతి తప్పినవాళ్ళు ఇలాగే కదా అతుకులేసి చెబుతారు? ఆ లెక్కంతా ఆవిడ కళ్ళలో కనబడుతూనే ఉంది. పెద్దాయన ఇక వాదించలేదు. వాదించే కొద్దీ పిచ్చివాడిలాగే వినిపిస్తానని అర్థమైంది. మిషన్ గిర్రున తిరుగుతోంది.

పెద్దావిడ తనలో తను అనుకున్నట్టు అంది. "మొదట్లో మీరే అడిగేవారు. నిద్ర లేస్తూనే, తమ్ముడు చేశాడా అని. తర్వాత మానేశారు. మరుపు పెరుగుతోందేమో అనుకుని నేనే మొదలుపెట్టేదాన్ని... మానేసింది అప్పుడేనా?"

"అప్పుడే."

"ఒక్కసారైనా మళ్ళీ అడగలేదు మీరు."

"లేని మనిషిని ఎలా అడగనే? నువ్వు చెబితే వినడం వేరు."

ఆవిడ స్టూలు మీంచి లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాడు. కోపంతో ఊగిపోయింది.

"అయితే ఎనిమిది నెలలూ నన్నొక వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టారన్నమాట! ఈత నేర్చుకుంటున్నాడని చెబితే, ఔనా అని తలూపారు!"

"బకెట్టులో నీళ్ళంటేనే భయపడే వెధవ వాడు. నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాను."

"ఆ రోజు మీకు దగ్గుమందు పట్టాను!"

"తాగాను కదే!"

ముందు ఆవిడకే నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, కుదరలేదు. ఆయనకూ అంటుకుంది. ఇద్దరూ నవ్వి నవ్వి, ఎక్కడో మధ్యలో అది ఏడుపైపోయింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి తమ్ముడి కోసం కలిసి ఏడ్చారు. ఆయన కళ్ళు ఆవిడే తుడిచింది. మిషన్ గోల పెట్టింది.

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. "బీపీ పెరిగిపోయింది! ఎవరు తిట్టారు తాతగారూ?"

"ఇంకెవరమ్మా!"

సిస్టర్ వెళ్ళాక పెద్దావిడ స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. గొంతు మారింది. పసివాళ్ళతో మాట్లాడే గొంతు కాదు, పాత గొంతే.

"ఇక అబద్ధాలొద్దు. నేనడుగుతాను, మీరు చెప్పండి. ఇది నిజంగా అంత కష్టంగా ఉంటుందా?"

"ఉంటుంది. కాళ్ళు కొంకర్లు పోతాయి. ఇంటికెళ్ళాక నువ్వు మాట్లాడుతుంటే వినపడుతుంది కానీ జవాబివ్వడానికి ఓపిక ఉండదు. నువ్వు నేను నిద్రపోయాననుకుంటావు."

"ఆపేస్తే ఎన్నాళ్ళు?"

"వారం. పది రోజులు. మెల్లమెల్లగా మత్తుగా ఉంటుందట. నొప్పి రాకుండా మందులిస్తారు, నర్సు ఇంటికే వస్తుంది."

"ఆ పది రోజులూ ఏం చేస్తారు?"

"ఏమీ చేయను. మంగళవారం పొద్దున లేచి ఎక్కడికీ వెళ్ళను."

పెద్దావిడ ఆయన కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. బీపీ పట్టీ ఉబ్బి, బిగుసుకుని, మళ్ళీ సడలింది.

"నిన్న మీకు మతి పోయిందని ఏడ్చాను," అంది. "ఇప్పుడనిపిస్తోంది, పోయుంటేనే బాగుండేదని. అప్పుడు నేను ఒప్పుకోవాల్సిన పని ఉండేది కాదు."



పదిన్నరకు ఆవిడ లేచి బయటికెళ్ళింది. అరగంటకు తిరిగొచ్చి, బ్యాగు స్టూలు కింద పెట్టుకుంటూ చెప్పింది. "మనసు డాక్టరు మనల్ని మళ్ళీ చూస్తుంది. సోమవారం తొమ్మిదిన్నరకి. నేనే దోషినని చెప్పాను."

మర్నాడు ఆదివారం. ఆయన కునుకు తీసి లేచాడు. తమ్ముడు ఫోన్ చేశాడని ఎవరూ చెప్పలేదు. ఆవిడ పక్కనే పడుకుని పైకప్పు చూస్తోంది. ఇద్దరికీ ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా గడిచింది.

*

సోమవారం ఆ గదిలో నలుగురూ ఉన్నారు. పదకొండుకి గొట్టం కాబట్టి పెద్దాయనకు అప్పటికే ఆసుపత్రి గౌను తొడిగేశారు.

పెద్దావిడ నిలబడే చెప్పింది, క్లాసులో తప్పు ఒప్పుకునే పిల్లలా. మొదటి ఆదివారం నుంచి ఈత దాకా. డాక్టరు ఎక్కడా అడ్డురాలేదు. అయ్యాక కొడుకు వైపు తిరిగింది.

"ఫారంలో తమ్ముడు చనిపోయారని రాశారు. ఆ సంగతి ఈయనకు చెప్పలేదని ఎక్కడా రాయలేదే?"

"ఆ గడి లేదు మేడమ్," అన్నాడు కొడుకు. వెంటనే తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అయినా ఇదంతా నువ్వు నేర్పించి తీసుకొచ్చావమ్మా! శనివారం నువ్వే చెప్పేసి ఉంటావు. ఈయన ముందే తెలుసు అంటున్నాడు, నువ్వు నమ్మేశావు!"

"నేర్పించేదాన్నైతే గురువారమే లెక్కలతో పాటు ఇదీ నేర్పించేదాన్ని కదరా, మొదటిసారే పాసయ్యేవారు," అంది పెద్దావిడ.

డాక్టరు ఈసారి లెక్కలు అడగలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీ తమ్ముడు ఎలా ఉన్నారు?"

"చనిపోయాడమ్మా." పరాయి మనిషి ముందు ఆ మాట అనడం ఆయనకు అదే మొదటిసారి. నోట్లో బరువుగా తగిలింది. "ఎనిమిది నెలలైంది."

"డయాలిసిస్ ఆపేస్తే ఏమవుతుంది?"

"నేనూ చనిపోతాను. వారంలోనో, పది రోజుల్లోనో."

"మధ్యలో మనసు మారితే?"

"మళ్ళీ మిషన్ ఎక్కొచ్చని కిడ్నీ డాక్టరు చెప్పారు. ఎక్కను గానీ, ఎక్కొచ్చని తెలుసు."

"మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేస్తున్నారా?"

"చేస్తున్నారు. బతకమని. అందరూనూ."

డాక్టరు ఇంకా చాలా అడిగింది. నిద్ర, ఆకలి, దిగులు, సరదాలు. ఒక పక్క గోడ గడియారం పది దాటి పదింబావు అయింది. చివరికి పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి కొత్తది రాసింది. ఆయన నిర్ణయం ఆయనదేనని రాసి, సంతకం పెట్టి, కిడ్నీ డాక్టరుకు పంపింది.

కొడుకు వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గళ్ళ చొక్కా చంకల కింద తడిసిపోయి ఉంది.

"రేపు నన్నెవరైనా అడిగితే ఏం చెప్పను నాన్నా? ఎందుకు ఆపేశారంటే?"

"నువ్వు ఆపలేదురా. నేను ఆపాను."

"గురువారం... పోనీ ఈ ఒక్క గురువారం వరకూ వెళ్దామా?"

"వద్దు."

"అమ్మ సరే అందా?"

"నేను సరే అనలేదు," అంది పెద్దావిడ. "అడ్డురానని మాటిచ్చాను. అది వేరు."

కొడుకు చేతిలో ఫోన్ మోగింది. ఆపరేషన్ కౌంటరు నుంచి. పేషెంటును పైకి తీసుకురమ్మంటున్నారు. వాడు, "అదీ... మేము..." అని నీళ్ళు నమిలాడు. ఫోన్ తండ్రి చేతిలో పెట్టి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేనమ్మా, పేషెంటుని," అన్నాడు పెద్దాయన. "గొట్టం పెట్టించుకోవడం లేదు. డాక్టరుకు కాగితం వెళ్ళింది."

"అయ్యో, అలాగా? బుధవారానికి తేదీ మార్చమంటారా సార్?"

"ఏ తేదీ వద్దు."

"కారణం నింపాలి సార్. జ్వరం, బీపీ, వేరే ఆసుపత్రికి వెళ్ళారు, చనిపోయారు... మీది ఏదండీ?"

"పేషెంటుకి ఇష్టం లేదని రాయమ్మా."

అవతల కీబోర్డు టకటకలాడింది, ఆగింది. "అది లిస్టులో లేదండీ."

పెద్దాయన వీల్‌చైర్లో వెనక్కి వాలాడు. గౌను పలచగా ఉంది, చలేస్తోంది. పెద్దావిడ తన శాలువా తీసి ఆయన మోకాళ్ళ మీద కప్పుతోంది.

"ఇంకేమున్నాయి?"

"'ఇతర' అని ఒకటుంది సార్."

"అయితే అదే పెట్టు తల్లీ," అన్నాడు.